చాపిన చెయ్యి

శనివారం మధ్యాహ్నం లాయరు ఆఫీసులో పునిత ఒక్కతే ఉంది. ఫైళ్ళు కుట్టే బల్ల మీద పాత పేపరు పరిచి తమలపాకులు తుడుస్తోంది. ఒక్కో ఆకునూ తడిగుడ్డతో తుడవడం, మచ్చ ఉన్నదాన్ని పక్కన పెట్టడం, కాడ కొసని గోటితో తుంచడం, రెండేసి జతచేసి పళ్ళెంలో పేర్చడం. రోజూ ఇదే బల్ల మీద ఆమె దావా కాగితాలకి చిల్లులు పొడిచి, దారం గుచ్చి ముడి వేస్తుంది. ఇవాళ కాగితాల బదులు ఆకులు. వేళ్ళు చేసే పని మాత్రం ఇంచుమించు అదే.

లోపలి గదిలోంచి తివాకర్ వచ్చి పళ్ళెం వంక చూశాడు. బాతిక్ చొక్కా వేసుకున్నాడు, జుట్టు నున్నగా దువ్వుకున్నాడు.

"వాడిన ఆకు ఒక్కటి కూడా ఉండకూడదు పునితా. ముత్యాలు తాత చూశాడంటే పదిమందిలో నా పరువు తీస్తాడు."

"చూసే పెడుతున్నాను సార్."

"పసుపుకొమ్ములు మరిచిపోకు."

తివాకర్ మలేషియాలో సుంగై సుమున్ పామాయిలు తోట కూలీల లైను ఇంట్లో పుట్టినవాడు. ఆ తోట బడిలోనే అక్షరాలు దిద్ది లాయరయ్యాడు. తోటని ఒక కంపెనీ కొని, లైను ఇళ్ళు ఖాళీ చేయమన్నప్పుడు అక్కడి కుటుంబాల తరఫున కోర్టుకెక్కాడు. ఆ మధ్య అసెంబ్లీకి నిలబడి గెలిచి, ఒక దఫా మెంబరుగా కూడా చేశాడు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఇంతలో ఆయనకి హైకోర్టు జడ్జి పదవి వచ్చింది. వచ్చే నెల ప్రమాణం. ఈలోగా తెలుగు సంఘం వాళ్ళు దగ్గర్లోని పట్నం తెలుక్ ఇంటాన్‌లో సన్మానం పెట్టారు. దానికి లైను జనాన్ని ఇంటింటికీ తాంబూలం ఇచ్చి తానే పిలుస్తానన్నాడు.

పునిత కూడా ఆ లైను పిల్లే. బడి అయ్యాక ఈ ఆఫీసులో గుమస్తాగా పెట్టుకున్నది ఆయనే. కారులో ఆమె పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ ఆకుల మీద కప్పుతూ కూర్చుంది. రోడ్డుకి రెండు పక్కలా పామాయిలు చెట్లు వెనక్కి పోతున్నాయి. దారి పొడుగునా ఆయన ఫోనులో ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉన్నాడు. "గురువారం. అవును, గురువారం ముగించేస్తాను" అన్న మాట మాత్రం ఆమె చెవిలో పడింది.

భజన మందిరం ముందు బెంచీలు వేసి ఉన్నాయి. కారు ఆగగానే లైనులోని వాళ్ళంతా వచ్చి చుట్టూ మూగారు. వాన్ తోలే గంగయ్య చెప్పులు విప్పి మరీ దండం పెట్టాడు. అందులో భక్తి ఎంతో వేళాకోళం ఎంతో చెప్పడం కష్టం.

"ఇంతకీ ఇప్పుడు నిన్నేటని పిలవాల బాబూ? సిన్నప్పుడు తివా అనీవోళ్ళం. నల్లకోటు ఏసినాక లాయరు బాబు అన్నాం. గెలిపించి మెంబర్ని సేసినాక వైబీ అన్నాం. ఇప్పుడు జడ్జిని యాంగ్ ఆరిఫ్ అనాలంట గదా! నువ్వు పేరు మార్సినప్పుడల్లా మా నోరు తిరగలేక సస్తంది లా."

చివర మలాయ్ 'లా' తగిలించిన ఆ మాటకి అందరూ నవ్వారు. తివాకర్ కూడా నవ్వాడు.

"బాబు పేరు మారితే మారింది," అంది పునిత తల్లి దేవుడమ్మ, కొంగుతో మెడ తుడుచుకుంటూ. "మా ఇంటి రేకులే మారలేదు. వోన పడితే గిన్నెలు ఎక్కడ పెట్టాలో పిల్లలకి కూడా తెలుసు."

"ఆ సంగతికీ వస్తాను అత్తా," అన్నాడు తివాకర్.

ముత్యాలు తాత బెంచీ మీదనుంచి మెల్లిగా లేచాడు. లైనులో అందరికంటే పెద్దవాడు. కోర్టులో కేసు ఆయన పేరు మీదే ఉంది, మిగతా ఇళ్ళవాళ్ళ పేర్లు ఆయన కింద. తివాకర్ వంగి కాళ్ళకి దండం పెట్టి, పళ్ళెంలోంచి తాంబూలం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"తాతా, వచ్చే ఆదివారం నాకు సన్మానం. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి. నువ్వు రాకపోతే నేను మెట్టెక్కను."

తాత మొహం వెడల్పయింది. పైపంచె కొసతో చేతులు తుడుచుకుని రెండూ దోసిలిగా చాపాడు.

తాంబూలం ఆ దోసిలికి బెత్తెడు దూరంలో ఆగింది.

"ఇంకొకటి కూడా నీతో చెప్పాలి," అన్నాడు తివాకర్ అదే గొంతుతో. "నేను జడ్జినైతే మన కేసు నా చేతిలో ఉండదు. వదిలేయాలి, అది రూలు. వేరే లాయరు వస్తే మళ్ళీ మొదటినుంచి. ఓడిపోతే ఏమీ దక్కదు. కంపెనీ వాళ్ళని ఒప్పించాను. తెలుక్ ఇంటాన్ అవతల ఫ్లాట్లు ఇస్తారు, ఇంటికొకటి. మనం కేసు వదులుకుని ఇళ్ళు ఖాళీ చేయాలి. గురువారం కోర్టులో జడ్జి అడుగుతారు. సరేనని నువ్వు చెబితే చాలు. నా చేతుల మీద మొదలైంది, నా చేతుల మీదే ముగియనీ తాతా."

అప్పుడు తాంబూలం కిందికి దిగి దోసిట్లో పడింది.

 ఎవరో పిల్ల దగ్గింది. తాత ఆకుల వంక చూశాడు, వాటిని కళ్ళకద్దుకున్నాడు. తాంబూలం కళ్ళకద్దుకున్నాక ఆ మాట ఒప్పుకున్నట్టే. పిల్లనిచ్చేటప్పుడైనా, తగువు తీరేటప్పుడైనా ఈ లైనులో అంతే. తర్వాత తివాకర్ వరసగా అందరికీ ఇచ్చుకుంటూ పోయాడు. పెద్దాయన పుచ్చుకున్నాడు గనక ఎవరూ కాదనలేదు. దేవుడమ్మ చేతులు చాపేముందు ఒక్కసారి కూతురి వంక చూసింది. పునిత పళ్ళెం వంక చూస్తూ నిలబడింది. అందులో ఆకులు తగ్గిపోతున్నాయి.

ఇంటికెళ్ళాక దేవుడమ్మ నెత్తళ్ళ తలలు తుంచుతూ కూర్చుంది. తుంచిన చిన్న చేపలు చేటలో పడుతున్నాయి.

"ముందే నీకు తెలుసేటి?"

"పిలుపుకే అనుకున్నానమ్మా."

"సెయ్యి సాపించి సెప్పినాడు. సాపిన సెయ్యి ఎనక్కి తీసుకునీవోడు మనలో ఉన్నాడేటి? ఆడికి ఆ ఇసయం తెలీదా? ఈ మట్టిలో పుట్టినోడే గదా."

"సార్ అలా ఆలోచించి ఉండకపోవచ్చు."

దేవుడమ్మ మరో నెత్తలి తల తుంచింది. "ఫ్లాటులో లిఫ్టు పాడైతే నా మోకాలు ఎక్కుతాదేటి? ఎనక పెరట్లో మునగసెట్టు, కరేపాకు. అక్కడ కిటికీలో పెట్టుకోవాల." కాస్త ఆగి, తనలో తాను అనుకున్నట్టు అంది. "అయినా నువ్వేటీ అనకు. నీ పని పోతే మనకి ఎవులున్నారు?"

సోమవారం ఆఫీసులో పునిత కాఫీ తీసుకెళ్ళి తివాకర్ బల్ల మీద పెట్టింది. పెట్టాక వెంటనే బయటికి రావడం ఆమె అలవాటు. ఇవాళ నిలబడింది.

"చెప్పు," అన్నాడాయన, తల ఎత్తకుండా.

"లైనులో వాళ్ళు ఒప్పుకున్నది... ఇష్టంతో కాదేమో సార్."

తివాకర్ కలం మూత పెట్టాడు. కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుని ఉంటే ఆమెకి కొంత తేలికగా ఉండేది.

"పునితా, ఇన్నేళ్ళూ వాదించాను. ఇవతల పక్క కూర్చుని జడ్జీల మొహాలు చదివాను. ఈ కేసు గెలవదు. గెలవదని వాళ్ళకి చెబితే గుండె ఆగిపోతుంది. అందుకే ఇదొక దారి. ఫ్లాటైతే పేరు మీద ఉంటుంది, ఎవడూ వెళ్ళగొట్టడు. ఇష్టంతో ఎవరు ఇల్లు వదులుతారు చెప్పు? మా అమ్మ చచ్చిపోయేదాకా ఆ ఇంటి గురించే మాట్లాడింది."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేదో పునితకి దొరకలేదు. 

"గురువారం నువ్వు కూడా కోర్టుకి రా. తాత కంగారుపడతాడు. నీ సంగతి మా పార్ట్‌నర్‌తో మాట్లాడాను. నేను వెళ్ళినా నువ్వు ఇక్కడే ఉంటావు. ఆ దిగులు పెట్టుకోకు."

ఆమె ఆ దిగులు గురించి అడగలేదు. అయినా "థాంక్యూ సార్" అంది.

బుధవారం సాయంత్రం బస్సు దిగి తిన్నగా ముత్యాలు తాత ఇంటికెళ్ళింది. తాత గుమ్మంలో కూర్చుని చీపుళ్ళు కడుతున్నాడు. కొబ్బరి మట్టలోంచి ఆకు లాగి, చిన్న కత్తితో రెండు పక్కలా చీరేసి, ఈనెని వేళ్ళ మధ్య బిగించి ఒక్క లాగు లాగితే నున్నగా బయటికి వస్తోంది. పక్కన ఈనెల కట్ట పెరుగుతోంది. వేళ్ళ చివర చర్మం గట్టిపడి నల్లగా ఉంది.

"రా అమ్మీ. ఏటి, కోర్టులో ఏటి సెప్పాలో నేర్పడానికి ఒచ్చినావా?"

"సార్ చెప్పమన్నారు తాతా. జడ్జి మూడు ముక్కలు అడుగుతారంట. పేరు. ఒప్పందం తెలుసా అని. ఇష్టంతో ఒప్పుకున్నావా అని."

"మూడోదానికి ఏటి సెప్పాల?"

పునిత ఒక ఆకు తీసుకుని చీరబోయింది. ఈనె మధ్యలో తెగింది.

"నీ ఇష్టం తాతా. వద్దని కూడా చెప్పొచ్చు. చెప్పకూడదని ఏమీ లేదు."

ఆ మాట చాలా నెమ్మదిగా అంది. తాత చెయ్యి ఆగింది, మళ్ళీ కదిలింది.

"పదిమందిలో పుచ్చుకున్నాను. ఆడు మా మునియమ్మ మనవడు. వోనలో ఎత్తుకుని బడికి దింపినాను ఆణ్ణి. జడ్జి ముందు నేను కాదంటే ఆడి మొహం ఏటవుతాది? సూసినోళ్ళు ఏటంటారు? సొంతోళ్ళే నమ్మలేదంటారు. ఆడు జడ్జి అవుతున్న ఏళ." ఈనె లాగి కట్టలో పెట్టాడు. "నేను కాదంటే నిన్ను ఉంచుతాడా మరి?"

 పునిత తెగిన ఈనెని కాలి దగ్గర పెట్టింది.

"సరే లా," అన్నాడు తాత. "పొద్దున్న గంగయ్య వాన్‌లో ఒస్తాం."

గురువారం కోర్టు గదిలో ఏసీ చలికి ముసలివాళ్ళు బెంచీల మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. దేవుడమ్మ పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుంది. జడ్జి ఒక మలాయ్ ఆవిడ, తలకి బూడిదరంగు తుడుంగ్ చుట్టుకుంది, చిన్న కళ్ళద్దాలు. తివాకర్ నల్లకోటులో లేచి నిలబడి ఒప్పందం గురించి చెప్పాడు. కంపెనీ లాయరు లేచి అదే చెప్పాడు. ఇద్దరూ కూర్చున్నారు. అంతా పావుగంటలో అయిపోయేలా ఉంది.

జడ్జి కాగితాలు పక్కన పెట్టింది. "ఈ పెద్దమనిషి నోటితో వింటాను," అంది మలాయ్‌లో.

ముత్యాలు తాతని బోనులోకి పిలిచారు. కోర్టు దుబాసీ తమిళంలో అడిగాడు, తమిళంలో చెబుతారు కదా అని. తోటలో, ఆస్పత్రిలో, గుర్తింపు కార్డులో, ఎక్కడైనా తాతని తమిళుడి కిందే రాసుకున్నారు. ఆయన ఎప్పుడూ దిద్దలేదు. తమిళం ఆయనకి తెలుగంత ఒడుపుగా వచ్చు. ఇవాళ ఎందుకో బోను కర్ర పట్టుకుని నిటారుగా నిలబడి, "తెలుగు," అన్నాడు.

దుబాసీ నవ్వి జడ్జి వంక తిరిగాడు. తెలుగుకి ఇక్కడ ఎవరూ లేరన్నాడు. తివాకర్ లేచాడు. తన గుమస్తాకి వచ్చని, ఆమె వీళ్ళ లైను పిల్లేనని చెప్పాడు. అభ్యంతరం లేదన్నాడు కంపెనీ లాయరు. జడ్జి కాస్త ఆలోచించి సరేనంది.

పునిత బోను పక్కకి వెళ్ళి నిలబడింది. కుడి చెయ్యి ఎత్తమన్నారు. విన్నది విన్నట్టు, ఏదీ దాచకుండా, ఏదీ కలపకుండా చెబుతానని దుబాసీ అన్న మాటలు అతని వెంట తిరిగి అంది. ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. తాత మాత్రం ఎత్తిన ఆ చేతినే చూస్తూ ఉన్నాడు.

పేరడిగారు. చెప్పింది. ఒప్పందం తెలుసా అనడిగారు. తెలుసన్నాడు, తెలుసని చెప్పింది.

"ఎవరి ఒత్తిడీ లేకుండా, మీ ఇష్టంతోనే ఒప్పుకుంటున్నారా?"

పునిత ఆ మాటని తెలుగులో తాతకి చెప్పింది.  తాత తివాకర్ వంక చూశాడు, బెంచీల మీద ఉన్న వాళ్ళ వంక చూశాడు.

"అడిగినోడు మనోడే అమ్మీ. ముందు సెయ్యి సాపినాను, తరవాత సంగతి సెప్పినాడు. పుచ్చుకున్నాక కాదంటే బాగోదు. అంతే. ఇష్టమంటావా, ఈ వొయసులో ఇల్లు ఒదిలి పోవడం ఎవుడికి ఇష్టం?"

గదిలో తెలుగు తెలిసినవాళ్ళందరూ విన్నారు. తివాకర్ విన్నాడు. ఆయన ముందున్న కాగితం అంచుని బొటనవేలితో నున్నగా అదుముతున్నాడు. పైకి చూడలేదు. పునిత నోరు తెరిచింది.  తల్లి మోకాలు గుర్తొచ్చింది, ఆఫీసు బల్ల గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ గదిలో ఎవరూ తనని గట్టిగా ఒక్క మాట అనలేదన్నది కూడా గుర్తొచ్చింది.

"సెతుజు, పువాన్," అంది. ఒప్పుకుంటున్నాడమ్మా అని.

జడ్జి కలం ఆగింది. "అంత మాట్లాడాడు. అంతేనా?"

"అంతే పువాన్."

జడ్జి తలవంచి రాయబోయింది.

"బుకాన్, పువాన్."

అన్నది ముత్యాలు తాత. కాదమ్మా అని. మార్కెట్టులో చేపల బేరాలకి వాడిన మలాయ్ అది, తోటలో పని చేయించే మండోర్ల తిట్లు విని నేర్చుకున్న మలాయ్. వ్యాకరణం లేదు, మర్యాద మాటలు లేవు. కానీ గదిలో ప్రతి ఒక్కరికీ అర్థమైంది. నేను అన్నది అది కాదు అన్నాడు. ఈ పిల్లకి భయం, దీన్ని తిట్టొద్దు, నాకూ భయమే అన్నాడు. మా వాడు అడిగితే కాదనడం మాకు రాదు, అందుకని తల ఊపాను అన్నాడు. నా మాట నేను నిలబెట్టుకోవడానికి ఈ పిల్ల చెయ్యెత్తి అబద్ధమాడాల్సి వచ్చింది, అది నాకు ఒద్దు అన్నాడు. ఇళ్ళు ఒదిలి పోవడం మాకు ఇష్టం లేదు అన్నాడు. చెప్పడం అయ్యాక బోను కర్ర వదిలి చేతులు కట్టుకున్నాడు, బడిలో తప్పు చేసినవాడిలా.

జడ్జి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ముందు పునిత వంక చూసింది. ఎంతసేపు చూసిందో పునితకి తెలియదు. "నువ్వు వెళ్ళి కూర్చో," అంది చివరికి. ఆ తర్వాత తివాకర్ వంక చూసింది.

తివాకర్ లేచాడు.  కోటు గుండీ పెట్టుకున్నాడు. "ఇంకో తేదీ ఇప్పించమని కోరుతున్నాను," అన్నాడు. తాను వచ్చే తేదీకి ఉండనని కూడా చెప్పాడు. ఒప్పందం నమోదు కాలేదు. జడ్జి వాయిదా వేసింది. ఈలోగా వీళ్ళు కొత్త లాయరుని చూసుకోవాలని, లేకపోతే కేసు ఎలా ఉందో అలాగే విని తీర్పు చెప్పాల్సి వస్తుందని అంది.

బయట మెట్ల మీద ఎండ కళ్ళలోకి కొట్టింది. గంగయ్య తాత పక్కకి వచ్చి గొంతు తగ్గించలేక తగ్గించాడు.

"ఏటి తాతా ఇది! మనోడు జడ్జి అవుతున్నాడని ఊరంతా సెప్పుకున్నాం. వొచ్చే ఆదివారం ఏ మొహం పెట్టుకుని కూకుంటాం లా?"

"ముందు వరసలోనే కూకుంటాను. పిలిసినాడు గదా."

తివాకర్ మెట్లు దిగి వచ్చాడు. నల్లకోటు మడిచి మోచేతి మీద వేసుకున్నాడు. మొహం అలిసిపోయి ఉంది.

"నన్ను నమ్మలేదా తాతా?"

"నమ్మినాను బాబూ. నమ్మబట్టే ఇన్నాళ్ళూ ఏదీ అడగనేదు."

తివాకర్ తల ఊపాడు. దేవుడమ్మకి, మిగతావాళ్ళకి దండం పెట్టాడు. కొందరే తిరిగి పెట్టారు. ఆయన పునిత దగ్గరికి వచ్చి, ఆమె చేతుల్లో ఉన్న ఫైళ్ళ కట్టలో సగం తానే అందుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ అలా అందుకోలేదు.

"నువ్వేం కంగారుపడకు. ఇందులో నీ తప్పు లేదు. చెప్పాల్సింది చెప్పావు. నమ్మకమైన మనిషని మా పార్ట్‌నర్‌తో చెబుతాను. రేపు ఈ ఫైలు సర్ది కట్టేయాలి. పొద్దున్నే వచ్చెయ్."

పునిత మిగతా కట్టలు మోసుకెళ్ళి కారు డిక్కీలో వరసగా పేర్చింది. మూత వేసింది. నమ్మకమైన మనిషి. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది, నీళ్ళు పోయినప్పటిలాగ. తివాకర్ కారెక్కి, ఆమె కోసం ఎడమ పక్క తలుపు లోపలినుంచి తోసి పెట్టాడు.

"నేను అమ్మావాళ్ళతో వస్తాను సార్," అంది. ఆయన సరేనని తలుపు మూసి ఫోను తీశాడు.

వాన్‌లో అందరూ అప్పటికే ఎక్కి కూర్చున్నారు. దేవుడమ్మ కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. ఖాళీ చోటు ఒక్కటీ కనిపించలేదు. తలుపు పట్టుకుని కిందే నిలబడిపోయింది పునిత. ముత్యాలు తాత మోకాళ్ళు పక్కకి తిప్పుకుని సీటు మీద జానెడు జాగా చేశాడు.

"ఎక్కు."

"తాతా, నేను..."

"నువ్వు సేసిందీ నేను సేసిందీ ఒకటే. ఆడి మొహం సూసి కాదనలేకపోయినాం. నాకు ముసలోణ్ణని సాకు ఉంది, నీకు ఉద్యోగమని సాకు ఉంది." తాత ఊపిరి పీల్చుకున్నాడు. "సరే, ఇంకో లాయరు అన్నాది గదా ఆయమ్మ. ఎక్కడ దొరుకుతాడు? కాగితాల సంగతి నాకేటి తెలుసు. నీకు తెలుసు."

"ఈపో పట్నంలో ఒకాయన ఉన్నారు. తోట కేసులు చూస్తారని విన్నాను."

"ఎప్పుడు తీసుకెళ్తావు?"

పునిత వెనక్కి తిరిగి చూసింది. తివాకర్ కారు ఇంకా చెట్టు నీడలోనే ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది. అద్దంలోంచి ఆయన ఫోనులో మాట్లాడుతూ కనిపిస్తున్నాడు.

"రేపు," అంది.

"రేపు నీకు పని గదే?"

వాన్‌లోని తలలు ఒక్కొక్కటే ఇటు తిరిగాయి. దేవుడమ్మ కూడా కిటికీ వదిలి చూసింది. పునిత వాన్ ఎక్కలేదు. తలుపు వదిలేసి ఎండలో నడుచుకుంటూ కారు దగ్గరికి వెళ్ళింది. అద్దం మీద వేలితో కొట్టింది, మొదట మరీ మెల్లిగా, తర్వాత వినపడేలా.

అద్దం దిగింది. లోపలి చల్లగాలి ఆమె మొహానికి తగిలింది. తివాకర్ ఫోను చెవికి దూరంగా పెట్టి, ఏమిటన్నట్టు చూశాడు.

"రేపు నేను రాను సార్."

"ఏం? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది సార్," అంది పునిత.